తర్కమూ నీతివిచారమూ: తత్వశాస్త్ర అసైన్‌మెంటు రాసే విధానం

తత్వశాస్త్రం చదివే డిగ్రీ, పీజీ విద్యార్థులలో ఎక్కువమంది అసైన్‌మెంటులో ఒకే చోట మార్కులు పోగొట్టుకుంటారు. పాశ్చాత్య తత్వవేత్తలు కాంట్ ఏమన్నాడో, మిల్ ఏమన్నాడో, న్యాయసూత్రాలు రాసిన గౌతముడు ఏమన్నాడో నాలుగు పేజీలు నింపి, చివరి పేరాలో తమ అభిప్రాయాన్ని రెండు వాక్యాలలో చెప్పి ముగిస్తారు. ఆ నాలుగు పేజీలకూ ఈ రెండు వాక్యాలకూ మధ్య లంకె ఏమిటో దిద్దేవారికి కనిపించదు. ఆ లంకెను ఎలా కట్టాలో తిరుపతి, చిత్తూరు కళాశాలల విద్యార్థులకు తెలిసిన ఉదాహరణలతోనే ఇక్కడ వివరిస్తాను. నా ఉద్దేశంలో ఇందులో కీలకమైన పని ఒక్కటే: వాదంలో ఎవరూ పైకి చెప్పకుండా వదిలేసిన ఆధారవాక్యాన్ని బయటికి తీసి కాగితం మీద పెట్టడం. తర్కం పేపరులోనైనా, నీతిశాస్త్రం పేపరులోనైనా అసలు తగవంతా ఆ చెప్పని వాక్యం దగ్గరే ఉంటుంది.

వాదాన్ని విడదీయడం

ఇచ్చిన భాగాన్ని చదివిన వెంటనే మంచిచెడ్డలు చెప్పడానికి పూనుకోకుండా, ముందుగా రచయిత దేనిని నిరూపించదలచాడో ఒక వాక్యంలో రాసుకోవాలి. అది నిగమనం. ‘ఎందుకు’ అని ప్రశ్నించి, రచయిత ఇచ్చిన కారణాలను ఒక్కొక్కటిగా విడి వాక్యాలుగా దాని పైన పేర్చాలి. అవి ఆధారవాక్యాలు, తరగతి గదిలో మనం ప్రెమిస్‌లని పిలిచేవి. ఈ రెంటినీ రాసుకున్న తరువాత, ఆధారవాక్యాలన్నీ నిజమని ఒప్పుకున్నా నిగమనాన్ని కాదనడం సాధ్యమేనా అని పరీక్షించాలి. సాధ్యమైతే, ఎక్కడో ఒక మెట్టు లోపించింది.

చెల్లుబాటు వేరు, సత్యం వేరు అన్న సంగతి ప్రతి పాఠ్యపుస్తకం మొదటి అధ్యాయంలోనే ఉన్నా, పరీక్షలో ఆ రెంటినీ కలిపేసేవారు తక్కువేమీ కాదు. చిత్తూరు జిల్లాలో పండే మామిడి అంతా తోతాపురియే, ఈ నీలం రకం మామిడికాయ చిత్తూరు జిల్లాలో పండింది, కాబట్టి ఇది తోతాపురి కాయ అన్న వాదం రూపంలో నిర్దుష్టంగా చెల్లుతుంది. మొదటి వాక్యం అబద్ధం కావడం దాని రూపదోషం కాదు. తోతాపురి కాయలన్నీ మామిడికాయలే, నీలం కాయలన్నీ మామిడికాయలే, కాబట్టి నీలం కాయలన్నీ తోతాపురియే అన్న వాదంలోనైతే ఆధారవాక్యాలు రెండూ నిజమే, చెడింది రూపం. రెండు ఆధారవాక్యాలనూ కలిపే మధ్యపదమైన ‘మామిడికాయలు’ రెండు వాక్యాలలో ఏ ఒక్కదానిలోనూ తన జాతి మొత్తాన్ని గురించి మాట్లాడలేదు. సమాధానంలో ‘ఈ వాదం తప్పు’ అని రాసి ఊరుకోకుండా, రూపం చెడిందా, ఆధారవాక్యం చెడిందా అన్నది తేల్చి చెప్పాలి.

కొండమీద పొగ

భారతీయ తర్కం గురించి రాసేటప్పుడు ‘కొండమీద నిప్పు ఉంది, పొగ ఉన్నందువల్ల’ అన్న ఉదాహరణను అందరూ యథాతథంగా దించేస్తారు. తిరుపతిలో ఉన్నవారికి ఆ అవసరం లేదు. వేసవిలో శేషాచలం అడవులు అంటుకోవడం మనకు కొత్త కాదు. ఊళ్ళో నిలబడి కొండవైపు చూస్తే మంట కనబడదు, పొగే కనబడుతుంది. భారతీయ తర్కానికి మూలమైన న్యాయదర్శనపు గ్రంథం న్యాయసూత్రాలలో 1.1.32వ సూత్రం చెప్పిన అయిదు అవయవాలను, అంటే అనుమాన వాక్యంలోని అయిదు భాగాలను, ఈ దృశ్యానికి అన్వయించి చూద్దాం. కొండమీద నిప్పు ఉందన్నది ప్రతిజ్ఞ. పొగ ఉన్నందువల్ల అన్నది హేతువు. ఎక్కడెక్కడ పొగ ఉంటుందో అక్కడక్కడ నిప్పు ఉంటుంది, వంటింట్లో వలె అన్నది ఉదాహరణ. నిప్పు లేని చోట పొగా ఉండదు, చెరువులో వలె అని వ్యతిరేక దృష్టాంతాన్ని కూడా చేర్చవచ్చు. ఈ కొండమీదా అటువంటి పొగే ఉంది అన్నది ఉపనయం. కాబట్టి నిప్పు ఉంది అన్నది నిగమనం.

ఈ అయిదింటినీ వరసగా అప్పగించినవారికి సగం మార్కులు వస్తాయి. మిగిలిన సగం రావాలంటే, ఈ అనుమానం ఏయే చోట్ల విరగగలదో చూపాలి. మార్గశిరం, పుష్యం నెలల్లో తెల్లవారుజామున అదే కొండ అంచున తెల్లగా పాకేది పొగ కాదు, మంచు. దానిని పొగ అనుకొని నిప్పును ఊహించినవాడి వాదంలో వ్యాప్తికి, అంటే పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న నియమానికి, దోషం ఏదీ లేదు. పొగకూ నిప్పుకూ ఉన్న సంబంధం చెక్కుచెదరలేదు. పక్షమైన, అంటే దేని గురించి నిరూపిస్తున్నామో ఆ, కొండమీద హేతువే లేకపోవడం అక్కడి దోషం. అసిద్ధమనే హేత్వాభాసం (హేతువులా కనిపించే దోషం) కిందికి వచ్చేది ఇదే. అలా కాకుండా, ‘కొండమీద నిప్పు ఉంది, కాబట్టి పొగ కూడా ఉండితీరాలి’ అని ఎవరైనా వాదిస్తే దోషం వ్యాప్తిలోనే ఉంటుంది. కాల్చిన ఇనుపగుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. నిప్పుతో పాటు పచ్చి కట్టె కూడా ఉన్నప్పుడే పొగ వస్తుంది. ఆ పచ్చి కట్టెనే న్యాయ పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో ఉపాధికి, అంటే వాదం పైకి చెప్పని మరుగు షరతుకు, ఉదాహరణగా చూపాడు: సాధ్యం (నిరూపించదలచినది) అయిన పొగ ఉన్న ప్రతిచోటా అది ఉంటుంది, సాధనం (హేతువు) అయిన నిప్పు ఉన్న ప్రతిచోటా ఉండదు. పాశ్చాత్య తర్కంలో ‘పొగ ఉంటే నిప్పు ఉంటుంది, నిప్పు ఉంది, కాబట్టి పొగ ఉంది’ అని ఉత్తరాంగాన్ని ఒప్పుకొని పూర్వాంగానికి వెళ్ళే దోషంగా చెప్పేది దాదాపు ఇదే తప్పును. అయితే ఆ పద్ధతి రూపం చెడిందని చెప్పి అక్కడితో ఆగుతుంది. ఉపాధిని వెదికే న్యాయపద్ధతి ఏ షరతు మరుగున పడి ఉందో కూడా వేలు పెట్టి చూపుతుంది. రెంటినీ పోల్చి ఈ తేడా రాయగలిగితే ఆ సమాధానం పదిమందిలో ప్రత్యేకంగా కనిపిస్తుంది.

ఉపాధిని వెదికే అలవాటు తర్కం పేపరుకే పరిమితం కాదు. ఫలానా కోర్సు చదివినవారికి ఉద్యోగాలు వచ్చాయి కాబట్టి ఆ కోర్సు ఉద్యోగం ఇస్తుందన్న వాదంలో, ఉద్యోగం వచ్చినవారంతా విడిగా కోచింగుకు కూడా వెళ్ళారేమో అని అడగడం పచ్చి కట్టెను వెదకడమే. న్యాయదర్శన గ్రంథాలు అర్థం కాకపోతే, 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం తిరుపతిలోనే ఉంది. అక్కడ న్యాయదర్శనం చదువుకునే స్నేహితుణ్ణి ఒక సాయంత్రం పట్టుకుంటే గైడు పుస్తకం కన్నా ఎక్కువ లాభం. కాశీ వెళ్ళినంత మాత్రాన అన్నంభట్టు అవుతారా అన్న సామెత ఉంది గానీ, మనకు కాశీ దాకా ప్రయాణం కూడా అక్కరలేదు.

తెలుగు వాక్యం నుంచి సంకేతాలలోకి

వాక్యాలను గుర్తులతో రాసే ప్రతీకాత్మక తర్కంలో సత్యపట్టికలు (వాక్యం ఎప్పుడు నిజమో, ఎప్పుడు అబద్ధమో చూపే పట్టికలు) నేర్చుకోవడం కష్టం కాదు, అభ్యాసంతో వచ్చేస్తాయి. వాక్యాన్ని సంకేతాలలోకి దించేటప్పుడే విద్యార్థులు తడబడతారు. ‘హాల్ టికెట్ ఉంటేనే పరీక్ష హాలులోకి పంపుతారు’ అన్న వాక్యాన్ని ‘హాల్ టికెట్ ఉంటే పంపుతారు’ అన్నట్లు రాస్తే, షరతు నుంచి ఫలితానికి వేసే బాణం గుర్తు తిరగబడుతుంది. ఆ వాక్యం చెప్పేదల్లా, లోపలికి పంపారంటే ఆ విద్యార్థి దగ్గర హాల్ టికెట్ ఉన్నట్లే అని. టికెట్ ఉండి కూడా గంట ఆలస్యంగా వచ్చినవాణ్ణి బయటే నిలబెట్టవచ్చు, అప్పుడూ ఆ వాక్యం అబద్ధం కాదు. ‘ఉంటేనే’, ‘వస్తేనే’ వంటి మాట కనబడిన ప్రతిచోటా ఏది ఆవశ్యకమైన షరతో, ఏది చాలినంత షరతో విడిగా రాసుకొని ఆ తరువాతే సంకేతాలు వేయాలి.

‘విద్యార్థులందరూ రాలేదు’ వంటి వాక్యాలతో ఇంకా జాగ్రత్త అవసరం. ఒక్కరూ రాలేదన్న అర్థమూ వస్తుంది, కొందరే వచ్చారన్న అర్థమూ వస్తుంది. నిషేధం పరిమాణవాచకానికి (‘అందరూ’, ‘కొందరు’ వంటి మాటకు) బయట ఉందా లోపల ఉందా అన్నదానిని బట్టి సూత్రం మారుతుంది కాబట్టి, మీరు ఏ అర్థం తీసుకున్నారో ఒక వాక్యంలో చెప్పి ముందుకు సాగాలి.

నీతిశాస్త్రం: క్యూలో నిలబడిన వాదం

నీతిశాస్త్రంలో అన్వయ ప్రశ్న ఇచ్చినప్పుడు పట్టాల మీద ట్రాలీ ఉదాహరణ (అయిదుగురిని కాపాడడానికి ట్రాలీని ఒక్కరి మీదికి మళ్ళించవచ్చా అన్నది) తప్ప మరొకటి రాయకూడదన్నట్లు చాలామంది ప్రవర్తిస్తారు. తత్వవేత్త ఫిలిప్పా ఫుట్ 1967లో ప్రవేశపెట్టిన ఆ ఉదాహరణకు దాని ప్రయోజనం దానికి ఉంది. కానీ తిరుపతి విద్యార్థికి రోజూ కళ్ళెదుట కనిపించే ప్రశ్న ఒకటుంది. కొండమీద ఉచితమైన సర్వదర్శనం ఉంది, రూ. 300 చెల్లించే ప్రత్యేక ప్రవేశ దర్శనం ఉంది. డబ్బు చెల్లించినవారు తక్కువసేపు వేచి ఉండడం న్యాయమేనా? ఈ ప్రశ్నను ఏ సంస్థనో నిందించడానికో, సమర్థించడానికో కాక, నీతివాదాన్ని ఎలా విప్పాలో చూడడానికి మాత్రమే తీసుకుంటున్నాను.

ఎక్కువమంది రాసే వాదం ఇది: దేవుని ముందు అందరూ సమానం, ఈ ఏర్పాటు అందరినీ సమానంగా చూడడం లేదు, కాబట్టి ఇది అన్యాయం. వినడానికి బాగానే ఉంది. చెప్పని వాక్యం ఎక్కడుందో చూడండి. దేవుని ముందు సమానులు కావడానికీ, దర్శనానికి సమానసేపు వేచి ఉండడానికీ మధ్య ఒక మెట్టు ఉంది: ‘దేవుని ముందు సమానులైనవారందరూ ఆయన దగ్గరికి చేరే మార్గంలోనూ సమానంగా చూడబడాలి’ అన్నది. ఆ వాక్యాన్ని నిజంగా సమర్థించదలిస్తే, వృద్ధులకూ, దివ్యాంగులకూ, చంటిబిడ్డల తల్లిదండ్రులకూ ఉన్న ప్రత్యేక ఏర్పాట్లను కూడా తప్పనవలసి వస్తుంది. అలా అనడానికి మనలో ఎవరూ సిద్ధపడరు. కాబట్టి ఆ వాక్యాన్ని సవరించాలి: ‘తగిన కారణం లేకుండా కొందరిని ముందుకు పంపకూడదు.’ ఇప్పుడు చర్చ అసలు చోటికి వచ్చింది. వృద్ధాప్యం తగిన కారణమై, డబ్బు తగిన కారణం కాకపోవడానికి ఆధారం ఏమిటి? మీ అసైన్‌మెంటులో సగం ఈ ప్రశ్న మీదే ఖర్చు కావాలి.

ఎదుటి పక్షం వాదాన్నీ అలాగే విప్పాలి. టికెట్ల రాబడి భక్తుల సౌకర్యాలకే ఖర్చవుతుంది కాబట్టి ఇందులో తప్పులేదని ఒకరంటారు. రాబడి దేనికి ఖర్చవుతుందన్నది వాస్తవానికి సంబంధించిన వాక్యం. దానిని లెక్కలు చూసి తేల్చాలే తప్ప తత్వశాస్త్రంతో తేల్చలేము. తప్పులేదన్నది విలువకు సంబంధించిన నిర్ణయం. ‘ఉంది’ అన్న వాక్యాల నుంచి ‘ఉండాలి’ అన్న వాక్యానికి రచయితలు చడీచప్పుడు లేకుండా దూకేస్తారని తత్వవేత్త హ్యూమ్ 1739–40లో వెలువడిన తన ట్రీటిజ్ అనే గ్రంథంలో ఎత్తిచూపింది ఇటువంటి చోటునే. ‘మంచి పనికి వినియోగమయ్యే డబ్బును ఏ పద్ధతిలో సేకరించినా తప్పులేదు’ అన్న విలువ వాక్యాన్ని మధ్యలో పెడితే వాదం చెల్లుతుంది. కానీ ఆ వాక్యాన్ని అంత విశాలంగా ఎవరూ ఒప్పుకోరు. మరొక మాట: హ్యూమ్ చెప్పిన ఈ అంతరాన్నీ, 1903లో మరొక తత్వవేత్త మూర్ చెప్పిన ప్రకృతివాద దోషాన్నీ ఒకటిగా రాసేయడం పరిపాటి అయింది. మూర్ ప్రశ్న ‘మంచి’ని మరొక లక్షణంతో నిర్వచించవచ్చా అన్నది. రెండూ దగ్గరి చుట్టాలే కానీ ఒకటి కావు.

సిద్ధాంతాలను అన్వయించవలసింది ఈ దశలోనే, అంతకు ముందు కాదు. ఒక్కొక్క సిద్ధాంతం ఏ తీర్పు ఇస్తుందన్నదాని కన్నా, ఏ ప్రశ్న అడగమంటుందో రాయడం మేలు. ఉపయోగవాదం అడిగేది మొత్తం ఫలితాన్ని. ఉపయోగవాది బెంథామ్ సుఖదుఃఖాలకు చెప్పిన కొలతలలో తీవ్రత, వ్యవధి, ఎంతమందికి వర్తిస్తుందన్న విస్తృతి ఇక్కడ పనికొస్తాయి: గంట ఆదా అయిన ఉద్యోగికి కలిగే లాభమెంత, గంట ఎక్కువ నిలబడిన దినకూలీకి పోయే కూలి ఎంత, ఇరువైపులా ఎంతమంది? ఈ లెక్క చూడకుండానే ‘ఉపయోగవాదం ప్రకారం ఇది సరైనదే’ అని రాయడం చెల్లదు.

కాంట్ విషయంలో పొరపాటు ఇంకా ఎక్కువ. ‘ఇందులో అసమానత ఉంది కాబట్టి కాంట్ దీనిని తిరస్కరిస్తాడు’ అని సునాయాసంగా రాసేస్తారు. కాంట్ పరీక్ష అసమానతను గురించి కాదు, ఆచరణసూత్రాన్ని గురించి: మనం పాటించే సూత్రాన్ని అందరూ పాటిస్తే అది వైరుధ్యం లేకుండా నిలుస్తుందా అన్నది. ‘డబ్బు ఉన్నప్పుడు, అందరికీ ప్రకటించిన టికెట్ కొని ముందుగా వెళ్తాను’ అన్న సూత్రాన్ని అందరూ అనుసరిస్తే ఆ వరస కూడా పొడుగవుతుంది. అది అసౌకర్యమే గానీ వైరుధ్యం కాదు. ‘అబద్ధం చెప్పి సిఫార్సు లేఖ సంపాదించి ముందుగా వెళ్తాను’ అన్న సూత్రాన్ని పరీక్షించి చూడండి. అందరూ అదే చేస్తే సిఫార్సు లేఖను ఎవరూ నమ్మరు, నమ్మకపోతే ఆ లేఖతో పనే జరగదు, అంటే సూత్రం తనను తానే చెరిపేసుకుంటుంది. 1785లో ప్రచురితమైన గ్రౌండ్‌వర్క్ అనే నీతిశాస్త్ర గ్రంథంలో కాంట్ చెప్పిన బూటకపు వాగ్దానం (తీర్చే ఉద్దేశం లేకుండానే తీరుస్తానని అప్పు తీసుకోవడం) ఉదాహరణకు ఇది అచ్చంగా సరిపోతుంది. ఈ రెండు సూత్రాలనూ పక్కపక్కన పెట్టి చూపిన విద్యార్థికి కాంట్ అర్థమైనట్లు లెక్క.

అరిస్టాటిల్ నికొమాకియన్ ఎథిక్స్ అయిదవ పుస్తకం ఈ సమస్యకు అన్నిటికన్నా బాగా అతుకుతుందని నా అభిప్రాయం. పంపిణీ అర్హతను బట్టి జరగాలని అందరూ ఒప్పుకుంటారు, అర్హత అంటే ఏమిటన్న దగ్గరే తగాదా వస్తుందని ఆయన అంటాడు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి వచ్చిన మనిషి, రూ. 300 చెల్లించిన మనిషి, అందరికన్నా ముందు వచ్చి వరసలో నిలబడిన మనిషి, ఈ ముగ్గురిలో ఎవరి అర్హత దర్శనం అనే వస్తువు స్వభావానికి సంబంధించినది? శ్రమా, ధనమా, వచ్చిన క్రమమా? సినిమా టికెట్‌కు ధనం సహజమైన కొలత అయినప్పుడు దర్శనానికి ఎందుకు కాకూడదు, లేదా ఎందుకు కావచ్చు? ఈ ఒక్క పేరాను శ్రద్ధగా రాస్తే చాలు, మిగిలిన సిద్ధాంతాలను రెండేసి వాక్యాలతో సరిపెట్టినా సమాధానం నిలబడుతుంది.

న్యాయసిద్ధాంతం రాసిన తత్వవేత్త రాల్స్‌ను తెచ్చేవారికి ఒక హెచ్చరిక. 1971 నాటి ఆయన గ్రంథంలోని భేదసూత్రం (అసమానతలు అందరికన్నా వెనుక ఉన్నవారికి మేలు చేసేలా ఉండాలన్నది) సమాజపు మౌలిక నిర్మాణాన్ని ఉద్దేశించినది, ఒక క్యూను ఉద్దేశించినది కాదు. అన్వయించకూడదని కాదు, ఎందుకు అన్వయించవచ్చో ఒక వాక్యంలో సమర్థించుకున్న తరువాతే, ఈ ఏర్పాటు వల్ల అందరికన్నా వెనుక ఉన్నవారికి మేలు జరుగుతున్నదా అని అడగాలి. ఇక భగవద్గీత. ప్రశ్న ఏదైనా సరే ‘కర్మణ్యేవాధికారస్తే’ అని రాసి వ్యాసాన్ని అలంకరించే ఆచారం మనవాళ్ళలో బలంగా ఉంది. ఆ శ్లోకం ఫలాసక్తిని గురించి చెబుతుంది. పంపిణీ న్యాయాన్ని గురించి ఏమీ చెప్పదు. సందర్భం లేకపోతే వదిలేయండి.

పూర్వపక్షం

తమ సిద్ధాంతం చెప్పే ముందు పూర్వపక్షాన్ని, అంటే ఎదుటి పక్షం వాదాన్ని, చెప్పడం మన శాస్త్రగ్రంథాల మర్యాద. ఆ పూర్వపక్షాన్ని దాని సమర్థకుడు చదివి ‘అవును, నేననేది ఇదే’ అనేలా రాయాలి. న్యాయసూత్రాలు చర్చను వాదం, జల్పం, వితండ అని మూడుగా విభజించాయి: తత్వం తెలుసుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తన పక్షం అంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివారి పక్షాన్ని కొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండ. విద్యార్థుల వ్యాసాలలో నాకు ఎక్కువగా కనిపించేది వితండ. మూడు సిద్ధాంతాలకూ మూడు లోపాలు చెప్పి, తాము దేనిని ఒప్పుకుంటున్నారో చెప్పకుండా ముగిస్తారు. తటస్థంగా ఉండడం పాండిత్యమని వారి అభిప్రాయం కావచ్చు. ‘విమర్శనాత్మకంగా పరీక్షించండి’ అని ప్రశ్న అడిగినప్పుడు మీ నిర్ణయాన్నీ అడిగినట్లే.

రాసే క్రమం, ఉటంకింపు

మొదటి పేరాలోనే మీ నిర్ణయాన్ని చెప్పేయండి; దిద్దేవారికి ఉత్కంఠ అక్కరలేదు. తరువాత వాదాన్ని ఆధారవాక్యాలుగా విడదీసి, చెప్పని వాక్యాన్ని చూపి, బలమైన ఆక్షేపణ ఒకటి తీసుకొని జవాబు చెప్పాలి. నాలుగు ఆక్షేపణలను ముట్టుకొని వదలడం కన్నా ఒకదానిని చివరిదాకా తేల్చడం నయం. ఇంగ్లీషులో రాయవలసిన పేపరైనా, చెప్పని వాక్యాన్ని ముందు తెలుగులో మీ మాటల్లో రాసుకోండి. సొంత భాషలో చెప్పలేని వాక్యం చాలాసార్లు అర్థం కాని వాక్యమే అయి ఉంటుంది.

మూలగ్రంథాలను పేజీ సంఖ్యతో కాక, ఏ ముద్రణలోనైనా మారని సంఖ్యతో ఉటంకించాలి. న్యాయసూత్రాలకు అధ్యాయం, ఆహ్నికం (అధ్యాయంలోని భాగం), సూత్రం చెప్పాలి. అరిస్టాటిల్‌కు బెకర్ ముద్రణను బట్టి వేసే బెకర్ సంఖ్య ఉంది; పంపిణీ న్యాయం చర్చ 1131ఎ దగ్గర దొరుకుతుంది. కాంట్ గ్రౌండ్‌వర్క్‌కు అకాడమీ ముద్రణ సంఖ్య ఇవ్వాలి; సార్వత్రిక నియమ సూత్రం 4:421లో, మనిషిని కేవలం సాధనంగా చూడరాదన్న సూత్రం 4:429లో ఉన్నాయి.

సెమినారులోనో, వైవాలోనో అడిగే ప్రశ్న సాధారణంగా ఇలా ఉంటుంది: ‘మీ మూడో ఆధారవాక్యాన్ని నేను ఒప్పుకోను, అప్పుడు మీ నిగమనం ఏమవుతుంది?’ దానికి ఇంటి దగ్గరే సిద్ధం కావచ్చు. ఆధారవాక్యాలను ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్కదానినీ చేత్తో మూసి, మిగిలినవాటితో నిగమనం నిలుస్తుందా అని చూడాలి. మూసినా నిగమనానికి ఏమీ కాలేదంటే ఆ వాక్యం వాదంలో ఏ పనీ చేయడం లేదు కాబట్టి, పేపరు సమర్పించే ముందే దానిని కొట్టివేయాలి.